మొదటి జంప్‌కు ముందు: నౌకరీ, ఆంబిషన్‌బాక్స్, లింక్డ్‌ఇన్, ఈపీఎఫ్ఓ పోర్టల్‌లలో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు

ఇంజినీరింగ్ అయ్యాక ఐటీ సర్వీస్ కంపెనీలో చేరి రెండు మూడేళ్లు గడిచేసరికి చాలామందికి ఒకటే సందేహం: ఉండాలా, జంప్ కొట్టాలా? వెంటనే నౌకరీ యాప్ తెరుస్తారు. ఆంబిషన్‌బాక్స్‌లో జీతాలు చూస్తారు. లింక్డ్‌ఇన్‌లో బ్యాచ్‌మేట్ కొత్త కంపెనీ బ్యాగ్, వాటర్ బాటిల్‌తో పెట్టిన ఫొటో చూసి రాత్రికి రాత్రి రెజ్యూమె దుమ్ము దులుపుతారు. ఇవన్నీ ఉద్యోగం వెతికిపెట్టడానికి పుట్టిన సేవలు, ఉన్న ఉద్యోగం వదలాలా వద్దా అని తేల్చడానికి కాదు. కానీ కాస్త తెలివిగా వాడితే ఆ రెండో పనికే ఇవి ఎక్కువ అక్కరకొస్తాయి. ఈ సమీక్ష ఆ కోణంలో రాసింది.

ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల అనుభవం, హైదరాబాద్ లేదా బెంగళూరు, నెత్తి మీద 90 రోజుల నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక ఇంకా పనిచేయాల్సిన గడువు). ఇక్కడి లెక్కలన్నీ ఇలాంటివాళ్ల కోసం. సీనియర్ల ఆట వేరు.

నౌకరీ: 5కి 4

1997లో మొదలైన నౌకరీని ఇన్ఫో ఎడ్జ్ కంపెనీ నడుపుతోంది. మనకు కనిపించేది జాబ్ పోస్టింగుల జాబితా. రిక్రూటర్ కూర్చునే వైపు మాత్రం వేరే కిటికీ ఉంటుంది, దాన్ని రెస్‌డెక్స్ అంటారు. అసలు ఆట అక్కడే నడుస్తుంది. రిక్రూటర్ అందులో 'జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్' అని కొట్టి, అనుభవం 2 నుంచి 4 ఏళ్లు, ఊరు హైదరాబాద్, నోటీస్ నెల లోపు, ఇటీవల యాక్టివ్‌గా ఉన్నవాళ్లు అని ఫిల్టర్లు పెడతారు. మీ ప్రొఫైల్ ఎంత గొప్పగా ఉన్నా ఈ జల్లెళ్లలో ఒక్కదానిలో ఆగిపోతే ఆ రిక్రూటర్‌కు మీరు లేనట్టే.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 90 రోజుల నోటీస్ ఉన్నవాళ్లకు కాల్స్ తక్కువ రావడానికి మొదటి కారణం ప్రతిభ కాదు, ఫిల్టర్. 'నాకు మార్కెట్ లేదు' అని డీలా పడేవాళ్లలో చాలామంది నిజానికి నోటీస్ గడి దగ్గరే రాలిపోతున్నారు. రిక్రూటర్ చేసినా సంభాషణ ఇలాగే సాగుతుంది: 'నోటీస్ పీరియడ్ ఎంతండీ?' 'నైంటీ డేస్ అండీ.' 'నెగోషియబులేనా?' 'అడిగి చెప్తానండీ.' 'సరే, నేను మళ్లీ కాల్ చేస్తా.' ఆ కాల్ మళ్లీ రాదు.

అందుకే ప్రొఫైల్‌ను ఉద్యోగం కోసం కాకుండా మార్కెట్ జ్వరం చూసే థర్మామీటర్‌లా నాలుగు వారాలు పెట్టి చూడడం మంచిది. ఎలాగంటే:

ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ఇప్పటి కంపెనీని బ్లాక్ చేయాలి. మీరు పనిచేస్తున్న క్లయింట్‌ను, మీ కంపెనీ అనుబంధ సంస్థలను కూడా ఆ జాబితాలో చేర్చాలి. అయినా ఇది పూర్తి రక్షణ కాదు. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ తన సొంత లాగిన్‌తో చూస్తే మీరు కనిపిస్తారు. హెడ్‌లైన్‌కు 250 అక్షరాల జాగా ఉంటుంది. 'హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్' లాంటి మాటలతో దాన్ని పాడుచేయకండి. ఏ టెక్నాలజీ, ఎన్నేళ్లు, ఏ రంగం, ఏ ఊరు, ఇంతే. కీ స్కిల్స్‌లో ఇరవై నిమిషాలు ఎదురు ప్రశ్నలు తట్టుకోగలిగినవే పెట్టాలి. రెజ్యూమె ఫైలు 2 ఎంబీ దాటకూడదు. రెండు నిలువు వరుసల రంగుల టెంప్లేట్ కంటే మామూలు వర్డ్ ఫైలే నయం, ఎందుకంటే డిజైన్ ఎక్కువైతే యంత్రం వివరాలను తప్పుగా విడగొడుతుంది. రోజూ ఉదయం హెడ్‌లైన్‌లో ఒక పదం మార్చి సేవ్ చేయడం పాత చిట్కానే, కానీ తాజా ప్రొఫైళ్లకు ఫిల్టర్ ఉన్నంతకాలం అది పనిచేస్తుంది.

ప్రొఫైల్ పెర్ఫార్మెన్స్ అనే చోట రెండు అంకెలు కనిపిస్తాయి: ఎన్ని సెర్చ్‌లలో మీరు కనిపించారు, ఎందరు రిక్రూటర్లు మీ ప్రొఫైల్ మీద ఏదైనా చర్య తీసుకున్నారు. మొదటిదే తక్కువగా ఉంటే లోపం కీ స్కిల్స్‌లో. మొదటిది బాగుండి రెండోది తక్కువైతే హెడ్‌లైన్, నోటీస్, అడిగే జీతం, ఈ మూడింటిలో ఒకటి అడ్డుపడుతోంది. ఒకసారి ఒకటే మార్చి వారం ఆగండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు అసలు పని. వచ్చిన ప్రతి కాల్‌నూ ఒక షీట్‌లో రాయాలి: పోస్టు పేరు, వాళ్లు అడిగిన టెక్నాలజీ, ఆఫర్ లెటర్ ఎవరి లెటర్‌హెడ్ మీద వస్తుంది, బడ్జెట్, షిఫ్ట్. పాతిక ముప్పై వరుసలు నిండాక బడ్జెట్ గడిని చేత్తో మూసి మిగతావి చూడండి. కాల్స్ ఎన్ని వచ్చాయన్నది కాదు, దేనికి వచ్చాయన్నదే మీ జవాబు.

మీరు ఎల్2 సపోర్ట్‌లో (నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే రెండో అంచె పనిలో) ఉన్నారనుకుందాం. రెజ్యూమె నిండా సర్వీస్‌నౌ, ఇన్సిడెంట్, ఎస్ఎల్ఏ అని ఉంటే వచ్చే పాతిక కాల్స్‌లో ఇరవై మళ్లీ సపోర్ట్‌కే వస్తాయి, అందులో సగం నైట్ షిఫ్ట్. జీతం పెరుగుతుంది, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే షీట్ నింపితే ఇవే వరుసలు ఉంటాయి, అనుభవం గడిలో మాత్రం 3కి బదులు 5. అప్పుడు డెవలపర్‌గా మారాలంటే జీతం తగ్గించుకోవాల్సి వస్తుంది. ఈ పరిస్థితిలో కంపెనీ మారడం కంటే కంపెనీలోనే ప్రాజెక్ట్ మారడం మేలు. ఆర్నెల్లు డెవలప్‌మెంట్ పని దొరికినా రెజ్యూమెలో రాసుకోవడానికి నిజమైన పని ఉంటుంది. ఈఆర్‌పీ, టెస్టింగ్, మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకూ ఇదే లెక్క. ఇష్టమైతే అందులోనే ఎదగొచ్చు, ఇష్టం లేకపోతే జీతం పెరిగేకొద్దీ బయటపడడం కష్టమవుతుంది.

షీట్‌లో లెటర్‌హెడ్ గడి నిండా మూడో కంపెనీల పేర్లే ఉంటే అది ఇంకో హెచ్చరిక. క్లయింట్ పేరు ఘనంగా చెబుతారు, పేరోల్ మాత్రం ఇంకొకరిది. సీ2హెచ్ (కాంట్రాక్ట్ టు హైర్) అంటే కాంట్రాక్ట్ నడిచాక క్లయింట్ తన పేరోల్‌లోకి తీసుకోవచ్చని అర్థం, తీసుకుంటుందని కాదు. కన్వర్షన్ ఎన్నాళ్లకు, ఇంతకుముందు ఆ టీమ్‌లో ఎందరిని మార్చారు, క్లయింట్ వద్దంటే బెంచ్ జీతం (ప్రాజెక్టు లేకుండా ఉన్నప్పటి జీతం) ఎన్నాళ్లు ఇస్తారు. ఈ మూడు ప్రశ్నలకూ మెయిల్‌లో జవాబు రాకపోతే ఆ ఆఫర్‌ను పర్మినెంట్ ఉద్యోగంతో పోల్చకండి.

నౌకరీ డబ్బు కట్టించుకునే సేవల సంగతి: రెజ్యూమె రాయించడం, ప్రొఫైల్‌ను పైకి చూపించడం లాంటివి మూడేళ్ల అనుభవానికి అనవసరం. మీ ప్రాజెక్టులో ఏం చేశారో మీకంటే బాగా రాసేవాళ్లు ఉండరు. రెస్‌డెక్స్ ఫిల్టర్లలో 'డబ్బు కట్టినవాడు' రిక్రూటర్ వెతికే గుణం కూడా కాదు. నౌకరీ పేరు చెప్పి ఇంటర్వ్యూ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అడిగేవాళ్ల కాల్ మాత్రం అక్కడికక్కడే కట్ చేయాలి.

ఆంబిషన్‌బాక్స్: 5కి రెండున్నర

ఇదీ ఇన్ఫో ఎడ్జ్ వాళ్లదే. ఉద్యోగులు తమంతట తాము రాసిన రేటింగులు, జీతాలు ఇందులో ఉంటాయి. లక్షల మంది పనిచేసే కంపెనీకి 3.6, ఇంకోదానికి 3.8 అని చూసి నిర్ణయానికి వస్తే పప్పులో కాలేసినట్టే. మీరు చేరేది కంపెనీలో కాదు, ఒక ప్రాజెక్టులో, ఒక మేనేజర్ కింద.

చూడాల్సింది మొత్తం అంకె కాదు, విడివిడి అంకెలు. స్కిల్ డెవలప్‌మెంట్, ప్రమోషన్స్, జాబ్ సెక్యూరిటీ, వర్క్-లైఫ్ బ్యాలెన్స్ వేర్వేరుగా కనిపిస్తాయి. మొదటి జంప్‌కు స్కిల్ డెవలప్‌మెంట్ అంకె మిగతావాటికంటే బరువైనది. తర్వాత మీ విభాగం, మీ ఊరు ఎంచుకుని గడచిన ఏడాదిలో రాసినవే చదవాలి. అయిదు నక్షత్రాల ఏకవాక్య సమీక్షలు ఒకే నెలలో గుంపుగా పడి ఉంటే వాటిని దాటేయండి. ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టినవాటినీ దాటేయండి. మూడు నక్షత్రాలిచ్చినవాళ్లు వివరాలు రాస్తారు: రిలీజ్ ఎన్ని వారాలకు, ఆన్‌కాల్ ఉందా, ఆఫీసుకు వారంలో ఎన్ని రోజులు.

జీతాల దగ్గర చిక్కు ఏమిటంటే, హోదాల పేర్లు కంపెనీకో తీరు. ఒకచోట సిస్టమ్ ఇంజినీర్, ఒకచోట ప్రాజెక్ట్ ఇంజినీర్, ఇంకోచోట ప్రోగ్రామర్ అనలిస్ట్. ఒకే హోదాలో ఏడాది అనుభవం ఉన్నవారూ, నాలుగేళ్ల వారూ ఉంటారు. ఫ్రెషర్‌గా చేరి అక్కడే ఉన్నవారి జీతమూ, బయటి నుంచి వచ్చినవారి జీతమూ ఒకే సగటులో కలిసిపోతాయి. బయటి నుంచి చేరబోయే మీకు కావాల్సింది రెండో గుంపు అంకె. అది సాధారణంగా సగటుకు పైనే ఉంటుంది, కాబట్టి సగటు చూసి ఎక్స్‌పెక్టెడ్ జీతం చెబితే మీరే తక్కువ అడిగినట్టవుతుంది. ప్రొడక్ట్ కంపెనీలు, పెద్ద జీసీసీల (విదేశీ కంపెనీలు ఇక్కడ నడిపే సొంత కేంద్రాల) విషయంలో లెవెల్స్ డాట్ ఎఫ్‌వైఐ వెబ్‌సైట్ నయం, ఎందుకంటే అక్కడ లెవెల్, బేస్, స్టాక్, బోనస్ విడగొట్టి ఉంటాయి.

ఇంకో పెద్ద లోపం: కొందరు సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) రాస్తారు, కొందరు ఫిక్స్‌డ్ (అందులో ఖాయంగా వచ్చే జీతం) రాస్తారు. ఈ రెంటి మధ్య తేడా ఎంతో ఒక ఆఫర్ విప్పి చూద్దాం. సీటీసీ 12 లక్షలు. బేసిక్ సగం, అంటే ఏడాదికి 6 లక్షలు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలి కాబట్టి బేసిక్‌ను మరీ తక్కువగా చూపే పాత పద్ధతి కలిసిరాదు. సీటీసీలోంచి వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) 1,20,000 తీసేయండి. కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 72,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 28,860. ఇన్సూరెన్స్ 12,000 అనుకుందాం. మిగిలింది 9,67,140. నెలకు 80,595. అందులోంచి మీ వాటా పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 74,395. ఇంటికి ఫోన్ చేసి 'నెలకు లక్ష' అని చెప్పేముందు ఈ లెక్క వేసుకోవాలి.

కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15,000 వేతనం మీద లెక్కించి నెలకు 1,800 దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు చేతికి ఎక్కువ వస్తుంది, పొదుపు తగ్గుతుంది. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు రెంటిలోనూ పీఎఫ్ ఒకే పద్ధతిలో ఉందో లేదో చూడకపోతే చేతికొచ్చే జీతాల పోలిక అర్థం లేనిదవుతుంది. గ్రాట్యుటీ మామూలుగా అయిదేళ్లు నిండితేనే వస్తుంది. రెండేళ్లకోసారి మారేవాళ్లకు సీటీసీలోని ఆ 28,860 కాగితం మీద అంకె మాత్రమే. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లు ఇంటి అడ్వాన్స్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి. అక్కడి ఓనర్లు అడిగే నెలల అద్దె విని చాలామంది హైక్ సంగతే మర్చిపోతారు.

స్టాక్ ఇస్తామంటే వెస్టింగ్ షెడ్యూల్ (ఏ ఏడాది ఎన్ని షేర్లు మీ సొంతమవుతాయన్న లెక్క) చూడాలి. నాలుగేళ్ల గ్రాంటు అంటే ఏటా నాలుగో వంతు అనుకోవద్దు. మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, చివరి రెండేళ్లలో 40 చొప్పున ఇచ్చే పద్ధతీ ఉంది. రెండేళ్లలో మారే అలవాటున్నవారికి అందులో చేతికొచ్చేది అయిదో వంతే. స్టార్టప్ ఈసాప్‌లైతే (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే హక్కు), కంపెనీ వదిలాక ఎన్ని రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేసుకోవాలో అడగండి. డబ్బు కట్టి షేర్లు కొనాలి, దాని మీద పన్నూ కట్టాలి, అమ్ముకోవడానికి మార్కెట్ మాత్రం ఉండదు. మొదటి జంప్‌లో ఈసాప్ విలువను సున్నా అనుకుని మిగతాది నచ్చితేనే చేరడం మంచిది.

లింక్డ్‌ఇన్: 5కి 3

జాబ్స్ కోసం కాదు, మనుషుల కోసం వాడాలి. వందలమంది ఈజీ అప్లై నొక్కిన పోస్టింగులో మీ రెజ్యూమె ఎవరూ తెరవకపోవచ్చు. కానీ కంపెనీ పేజీలో పీపుల్ అనే చోటికెళ్లి, మీరు చేరబోయే టీమ్‌లాంటి టీముల్లో రెండేళ్ల కిందట మీ హోదాలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. అదే కంపెనీలో పై హోదాలో ఉన్నారా, అంతకంటే మంచి కంపెనీకి వెళ్లారా, లేక ఏడాది తిరగకుండానే అందరూ జారుకున్నారా? పది ప్రొఫైళ్లు చూస్తే ఏ రేటింగూ చెప్పని నిజం తెలుస్తుంది.

ఓపెన్ టు వర్క్‌ను 'రిక్రూటర్లకు మాత్రమే' అని పెట్టాలి. సొంత కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూసే ప్రయత్నం చేస్తామంటుంది గానీ లింక్డ్‌ఇన్ పూర్తి హామీ ఇవ్వదు. పచ్చ వలయం ఫొటో చుట్టూ పెట్టారంటే మేనేజర్‌కు మీరే చెప్పినట్టు.

రెఫరల్ అడగడంలో మనవాళ్లు చేసే పొరపాటు 'హాయ్ అన్నా' అని పంపి జవాబు కోసం ఎదురుచూడడం. ఒకే మెసేజ్‌లో అంతా ఉండాలి: 'అన్నా, మన కాలేజీ 2022 బ్యాచ్‌ని. మీ కంపెనీలో ఫలానా జాబ్ ఐడీకి రెఫర్ చేయగలరా? జావా, స్ప్రింగ్ బూట్, మూడేళ్లు, హైదరాబాద్. రెజ్యూమె జతచేశాను. కుదరకపోయినా పర్లేదన్నా.' అవతలివారు కాపీ పేస్ట్ చేసి పని ముగించేలా ఉండాలి.

ఇక్కడో మెలిక ఉంది. మీ ప్రొఫైల్‌ను ఏ కన్సల్టెన్సీ అయినా ఇప్పటికే ఆ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కించి ఉంటే రెఫరల్ చెల్లదు, డూప్లికేట్ అని వస్తుంది. చాలా కంపెనీల్లో ఈ పట్టు నెలల తరబడి ఉంటుంది. అందుకే నౌకరీలో ఫోన్ చేసిన కన్సల్టెంట్ 'మీ ప్రొఫైల్ పెట్టేస్తున్నా' అన్నప్పుడు ఏ కంపెనీకో తెలుసుకోకుండా సరే అనొద్దు. నిజంగా చేరాలనుకునే నాలుగైదు కంపెనీలకు రెఫరల్ దారే మిగుల్చుకోవాలి.

ఏ యాప్‌లోనూ దొరకని లెక్కలు

ఆన్‌సైట్ ఆశ, అంటే విదేశంలోని క్లయింట్ దగ్గరికి పంపుతారన్న ఆశ, ముందు. 'ఇంకో ఏడాది ఆగు, వీసా వేయిస్తా' అనే మాట మీద మూడేళ్లు గడిపేవాళ్లు మనలో బాగా ఎక్కువ. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, జూనియర్ ఇంజినీరుకు ఏ కంపెనీ అయినా ఆ ఖర్చు పెడుతుందా అని మేనేజర్‌ను సూటిగా అడగొచ్చు. కంపెనీ తన అమెరికా శాఖకు బదిలీ చేసేటప్పుడు వాడే ఎల్-1 వీసా సంగతి వేరు. దానికి గత మూడేళ్లలో అదే సంస్థకు అమెరికా బయట ఉన్న శాఖలో ఏడాదిపాటు ఆగకుండా పనిచేసి ఉండాలి. మారితే ఆ గడియారం మళ్లీ మొదటి నుంచి. మీ పేరు నిజంగా ఎల్-1 జాబితాలో ఉండి లాయర్ పత్రాలు అడిగే దశకు వచ్చి ఉంటే ఆగడంలో అర్థముంది. మాటల దశలో ఉంటే లేదు.

బాండ్, అంటే ఇన్నేళ్లు పనిచేస్తానని, ముందే వదిలితే డబ్బు కడతానని రాసిచ్చేది. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉపాధిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి పెట్టే కనీస సర్వీసు షరతు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సర్వీసు, 2 లక్షల పరిహారం షరతును సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు కాబట్టి ప్రతి కంపెనీ బాండ్‌కూ అచ్చంగా వర్తిస్తుందని కాదు, కానీ 'బాండ్లేవీ కోర్టులో నిలవవు' అన్న మాట మాత్రం ఇక చెల్లదు. ఎలాగూ గొడవ కోర్టు దాకా పోదు. రిలీవింగ్ లెటర్ ఆపుతారు, కొత్త కంపెనీ అదే అడుగుతుంది. బాండ్ నెలలు కొద్దిగా మిగిలితే ఆగడం, ఎక్కువ మిగిలితే ఆ మొత్తాన్ని హైక్‌లోంచి తీసి లెక్కవేయడం, ఇవే దారులు.

బైఅవుట్, అంటే నోటీస్ పూర్తిచేయకుండా డబ్బు కట్టి బయటపడడం. అది బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. రెంటికీ తేడా దాదాపు రెట్టింపు. 'పరస్పర అంగీకారంతో' అన్న మాట ఉంటే మేనేజర్ వద్దంటే డబ్బు కడతామన్నా వదలరు. బైఅవుట్ మీద జీఎస్టీ అంటూ ఎవరైనా కలిపితే, నోటీస్ రికవరీకి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 178వ సర్క్యులర్‌లో చెప్పిందని గుర్తుచేయండి. కొత్త కంపెనీ ఆ డబ్బు తిరిగి ఇస్తే అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. జాయినింగ్ బోనస్ కూడా అంతే. అదీకాక ఏడాదిలోపు వదిలితే వెనక్కి ఇవ్వాలి, చాలాచోట్ల పన్ను కోయకముందు మొత్తం అడుగుతారు.

ఆఫర్ చేతిలో లేకుండా పేపర్ వేసి (రాజీనామా చేసి), నోటీస్‌లో ఉండగా వెతకడం ఈమధ్య మామూలైంది. చివరి నెలలో కాల్స్ ఊపందుకుంటాయన్నది నిజమే, పైన చెప్పిన ఫిల్టరే కారణం. కానీ పేపర్ వేయకముందే నాలుగైదు ఇంటర్వ్యూలు ఇచ్చి, కనీసం రెండు చోట్ల చివరి రౌండ్ దాకా వెళ్లినవాళ్లకే ఆ పని. నోటీస్ అడ్డం వచ్చి ఆగితే సరే. మొదటి టెక్నికల్ రౌండ్‌లోనే ఆగుతుంటే ఫిల్టర్ మారినా ఫలితం మారదు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకపోతే అసలు ఆ ఊసే వద్దు.

పేపర్ వేశాక మిమ్మల్ని ఆపడానికి ఇప్పటి కంపెనీ ఇచ్చే కౌంటర్ ఆఫర్‌లో జీతం మాత్రమే పెరిగితే తీసుకోకపోవడమే మంచిది. పని మారుతుందని, ఏ ప్రాజెక్ట్, ఏ తేదీ నుంచి అని రాతపూర్వకంగా ఇస్తే ఆలోచించవచ్చు.

ఈపీఎఫ్ఓ పోర్టల్: 5కి 3, కానీ ముందు తెరవాల్సింది ఇదే

మీ పీఎఫ్ ఖాతా వివరాలుండే ఈ ప్రభుత్వ పోర్టల్‌ను అందరూ కొత్త కంపెనీలో చేరాక తెరుస్తారు. ఆఫర్ అంగీకరించకముందే యూఏఎన్‌తో (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరుతో) లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ చూడాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు చాలాచోట్ల మొదట చూసేది దీన్నే. మీరు రెజ్యూమెలో రాసిన తేదీలూ ఇక్కడి తేదీలూ సరిపోలాలి. 'అనుభవం పెట్టిస్తాం' అనే కన్సల్టెన్సీల ప్యాకేజీలు బయటపడేది కూడా ఇక్కడే, ఎందుకంటే ఆ ఏళ్లలో పీఎఫ్ జమలు ఉండవు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఆధార్‌లో ఇనీషియల్‌గా, పాన్‌లో చివర. కాలేజీలో ఎవరూ పట్టించుకోరు. పీఎఫ్ కేవైసీలోనూ, వెరిఫికేషన్‌లోనూ ఇదే ఇరికిస్తుంది. ఆధార్, పాన్, పీఎఫ్ మూడింటిలో పేరూ పుట్టినతేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో పేపర్ వేయకముందే సరిచూసుకుని, తేడా ఉంటే ఇప్పటి కంపెనీలో ఉండగానే దిద్దించుకోవాలి. సవరణకు కంపెనీ ఆమోదం కావాల్సివస్తే, వెళ్లిపోయినవారి దరఖాస్తు హెచ్‌ఆర్ దగ్గర అడుగున పడుతుంది.

పోర్టల్ మునుపటికంటే బాగుపడింది. ఆధార్‌తో అనుసంధానమైన యూఏఎన్ ఉంటే చాలా బదిలీలకు 2025 నుంచి కంపెనీ ఆమోదం అక్కర్లేదు. పాత కంపెనీ నిష్క్రమణ తేదీ వేయకపోతే చివరి జమ అయిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. అలా వేసేటప్పుడు రిలీవింగ్ లెటర్‌లోని తేదీనే వేయాలి. అది కొత్త కంపెనీలో చేరిన తేదీ తర్వాతికి ఒక్కరోజు జరిగినా రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది. మార్కులు తగ్గించింది మాత్రం పనివేళల్లో మొరాయించే సర్వర్‌కు, దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే సందేశాలకు.

పాత పీఎఫ్‌ను డ్రా చేయొద్దు, బదిలీ చేయాలి. సర్వీసు మొత్తం అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత ఏళ్లూ లెక్కలోకి వస్తాయి.

చివరిగా పన్ను, ఎందుకంటే ఏడాది మధ్యలో మారినవారికి జూలైలో తగిలే దెబ్బ ఇదే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఏడాదికి 12 లక్షల జీతంతో 6 లక్షలు, అక్టోబరు నుంచి 20 లక్షల జీతంతో 10 లక్షలు వచ్చాయనుకుందాం. పాత కంపెనీ ఏడాది మొత్తం 12 లక్షలే అని లెక్కవేసి కొత్త పన్ను విధానంలో పన్నేమీ కోయలేదు. కొత్త కంపెనీకి కనిపించేది 10 లక్షలే, అదీ కోయలేదు. కానీ మీ అసలు ఆదాయం 16 లక్షలు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 15.25 లక్షల మీద 2025-26 స్లాబుల ప్రకారం సెస్‌తో కలిపి పన్ను 1,13,100. అది రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి, పైగా వడ్డీతో కట్టాలి. చేరిన మొదటి నెలలోనే పాత జీతం, టీడీఎస్ (జీతంలోంచి కోసిన పన్ను) వివరాలు కొత్త హెచ్‌ఆర్‌కు ఇస్తే (ఇన్నాళ్లూ ఫారం 12బీ అని పిలిచింది దీన్నే) అదే మొత్తం ఆర్నెల్లలో కొద్దికొద్దిగా కోస్తారు.

లాప్‌టాప్ అప్పగించేముందు అన్ని పేస్లిప్పులు, పాత ఫారం 16లు (కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్లు), అపాయింట్‌మెంట్ లెటర్, హైక్ లెటర్లు సొంత మెయిల్‌కు తెచ్చుకోవాలి. కంపెనీ కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. వెళ్లిపోయే ఏడాది టీడీఎస్ సర్టిఫికెట్ మరుసటి జూన్‌లో గానీ రాదు. అప్పటికి ఆఫీస్ మెయిల్ ఉండదు కాబట్టి హెచ్‌ఆర్ రికార్డులో మీ సొంత మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు ఎక్కాయో లేదో చివరి రోజుకు వారం ముందే చూసుకోండి.